తీన్‌మూర్తి తోటలోని వ్యోమనౌక

ఢిల్లీ నగరమున తీన్‌మూర్తి భవనపు విశాలోద్యానములో, పదునాల్గవ శతాబ్దమున ఫిరోజ్ షా తుగ్లక్ వేటవిడిదిగా కట్టించిన కుశక్ మహలునకు చేరువగా, 1984వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ చేతులమీదుగా ప్రారంభమైన నెహ్రూ నక్షత్రశాలకు నాలుగు దశాబ్దములు దాటిన యీ సమయమున, దాని గుమ్మటము క్రింద కూర్చుండి గ్రహతారకల గతులను జూచి ముగ్ధులైన బాలబాలికలను స్మరించుట ఎంతయు ఉచితము. అయినను ఈ సంస్థ చరిత్రమును వ్రాయబూనిన నాకు గుమ్మటముకంటె ముందుగా మనస్సున మెదలునది, అక్కడ ప్రదర్శింపబడుచున్న, అగ్నిలో కాలి నల్లబారిన ఒక లోహపేటిక. సోయజ్ టి-10 అను వ్యోమనౌకయొక్క అవతరణభాగ మది.

శాల తలుపులు తెరచిన మూడవనాడే, అనగా ఫిబ్రవరి 8న, ఆ నౌక బైకనూరునుండి నింగి కెగసినది. అందు భారతీయు డెవ్వడును లేడు. కిజీమ్, సొలోవ్యోవ్, ఆత్కోవ్ అను మువ్వురు సోవియట్ వ్యోమగాములు దానిలో సాల్యూట్-7 అంతరిక్షకేంద్రమునకు దీర్ఘవాసమునకై వెళ్ళిరి. మన దేశపు వ్యోమగామి రాకేశ్ శర్మ, యూరీ మాలిషెవ్, గెన్నాదీ స్త్రెకలోవ్ అను సహచరులతో ఏప్రిల్ 3న అదే కేంద్రమునకు పోవుటకై ఎక్కినది సోయజ్ టి-11. ఏప్రిల్ 11న వారు మువ్వురును కజకస్థానపు మైదానములో అర్కలిక్ ప్రాంతమున దిగినది మాత్రము టి-10లో. రాకేశ్ శర్మ యెక్కి వెళ్ళిన నౌక యిదేయని పెద్దలు పిల్లలకు చెప్పుచుండగా పలుమారు విన్నాను. అది ఆయనను క్షేమముగా ఇల్లు చేర్చిన నౌక యని చెప్పినచో సత్యమునకు సత్యమును, గౌరవమునకు గౌరవమును దక్కును.

ఈ మార్పిడికి బలమైన కారణము కలదు. అవతరణ సమయమున పేటికను అటునిటు త్రిప్పి సరియైన భంగిమలో నిలుపు చిన్న యంత్రములకు హైడ్రోజన్ పెరాక్సైడు ఆధారము. అది నెలలు గడచినకొలది తనంతట తాను విచ్ఛిన్నమై శక్తి గోల్పోవును. కావున కక్ష్యలో చిరకాలము నిలువదలచినవారికి క్రొత్త నౌకను విడిచి, పాతదానిలో తాము మరలివచ్చుట అతిథులుగా వెళ్ళిన వ్యోమగాముల విధి యయ్యెను. సత్తువగల యెడ్లజతను చుట్టముల కొట్టములో కట్టివేసి, వారి అలసిన జతను తమ బండికి కట్టుకొని బయలుదేరిన బంధువులవంటివారు వీరు. అయితే ప్రతి వ్యోమగామి ఆసనమునను అతని దేహమునకే అచ్చుపోసిన పరుపు ఒకటి యుండును. నేలను తాకు క్షణమున వెన్నెముకను కాపాడునది అదియే గనుక, ఆ పరుపులను గూడ ఒక నౌకనుండి మరియొకదానికి మార్చుకొనిన పిమ్మటనే వారు కేంద్రమును వీడిరి. టి-11 కిజీమ్ బృందమును ఎక్కించుకొని 1984 అక్టోబరు 2న, మన గాంధీ జయంతినాడు, భూమికి చేరినది. అప్పటికి వారు దాదాపు 237 దినములు అంతరిక్షమున గడిపియుండిరి.

టి-10 అను సంఖ్య వెనుకను ఒక ఘోరవృత్తాంతము దాగియున్నది. 1983 సెప్టెంబరు 26న ఆ సంఖ్యతో ఎగురవలసిన నౌకలో వ్లదీమిర్ తితోవ్, ఇదే స్త్రెకలోవ్ కూర్చుండియుండగా, ప్రయోగమునకు ఇంకను నిమిషమున్నర వ్యవధి యున్నదనగా వేదికపైననే రాకెట్టునకు నిప్పంటుకొనెను. రక్షణయంత్రము పేటికను పైకి లాగివేసిన కొద్ది క్షణములకే రాకెట్టు పేలిపోయినది. తమ బరువునకు 14 మొదలు 17 రెట్ల ఒత్తిడిని సహించి, నాలుగు కిలోమీటర్ల దూరమున వారిరువురును ప్రాణములతో దిగిరి. అట్టి అనుభవము నెదుర్కొన్న మనుష్యుడు ఏడు నెలలైనను నిండకమునుపే మన శర్మ ప్రక్కన కూర్చుండి మరల ఆకాశమున కేగుటయు, తనకు నాడు దక్కని సంఖ్యగల నౌకలోనే తిరిగివచ్చుటయు తలచినప్పుడెల్ల నాకు ఆ ధైర్యశాలిపై భక్తి కలుగును. మన ప్రభుత్వము శర్మతోపాటు ఆయన సహచరు లిరువురకును అశోకచక్ర మిచ్చి సత్కరించుట మిక్కిలి సముచితము.

శర్మ ధరించిన వ్యోమవస్త్రమును, ఆయన యాత్రాదినచర్య గ్రంథమును ఈ శాలయందే చూడవచ్చును. ఆ వస్త్రమును చూచి మెచ్చుకొనుటతో తృప్తిపడక, అది తప్పనిసరియైన కారణమును గూడ తెలిసికొనవలెను. 1971 జూన్ 30న సోయజ్-11 తిరిగివచ్చునపుడు ఒక కవాటము అకాలమున తెరచుకొని, లోని గాలి బయటికిపోయి మువ్వురు వ్యోమగాములు మరణించిరి. మువ్వురును ఇరుకున సర్దుకొనవలసి వచ్చుటచే నాడు వారికి ఒత్తిడిని నిలుపు వస్త్రములు లేవు. ఆ విషాదమునకు పిమ్మట వస్త్రములు తప్పనిసరి యయ్యెను. వానికి చోటు కల్పించుటకై ప్రయాణికుల సంఖ్య ఇద్దరికి తగ్గినది. 1980 నాటి సోయజ్ టి రకముతో మూడవ ఆసనము మరల అమరినది. ఒక హైదరాబాదు విద్యార్థి, సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలులోను నిజాం కళాశాలలోను చదివిన యువకుడు, అట్టి మూడవ ఆసనముననే అంతరిక్షమున కేగి, పైనుండి భారతదేశ మెట్లు కనబడుచున్నదను ఇందిరాగాంధీ ప్రశ్నకు ఇక్బాల్ గీతపు తొలి పలుకుతో సమాధానమిచ్చెను.

ఢిల్లీ నగరముననే పాలం విమానదళ ప్రదర్శనశాలలో, 1933లో మన తొలి స్క్వాడ్రన్ వాడిన రకపు వాపిటీ విమానము మొదలుకొని అనేక విమానములు కలవు. వానినడుమ జపాను వారి ‘ఓకా’ అను చిన్న విమానమును జూచినపుడు నా గుండె బరువెక్కును. చోదకుడు లోన కూర్చుండి శత్రునౌకపై దానితోకూడ పడి మరణించుటకై నిర్మింపబడిన బాంబది. దానియందు తిరుగుప్రయాణమునకు చోటే లేదు. తీన్‌మూర్తి పేటికలోనన్ననో, కాలి మాడుటకే పూతగా పోసిన పైపొర, దాదాపు వేయి చదరపు మీటర్ల వైశాల్యముగల గొడుగు, నేల మీటరైనను దూరములేనపుడు ఒక్కసారిగా మండి వేగము నణచు యంత్రములు, సమస్తమును మనుష్యుని మరల భూమికి చేర్చుటకే. ఒకే ఊరిలో ఈ రెండింటిని చూడగలుగుట ఢిల్లీ బాలల భాగ్యము, ఉపాధ్యాయులకు మహత్తరమైన అవకాశము.

1985లో ఎన్.టి. రామారావు ప్రారంభించిన హైదరాబాదు నౌబత్ పహాడ్ మీది బిర్లా నక్షత్రశాలను జూచి, ఆపై ఢిల్లీ యాత్రకు వచ్చు తెలుగు పిల్లలు తీన్‌మూర్తికి తప్పక వత్తురు. రానున్న దశాబ్దమున ఈ సంస్థవారు ఆ పేటిక ప్రక్కన రెండు నౌకల సంఖ్యలను, రెండు తేదీలను, తితోవ్, స్త్రెకలోవుల ప్రాణములను కాచిన ఆ నిమిషమున్నర కథను, తెలుగుతో సహా మన దేశభాషలలో చదువదగినంత పెద్దయక్షరములతో వ్రాయించి నిలుపుదురుగాక యని ప్రార్థించుచున్నాను. కాలిన పైపొరకు మాత్రము ఎవ్వరును ఎన్నడును రంగు వేయరాదు.