కుదుపుల చిట్టాలో భీమిలి

1881 డిసెంబర్ 31 ఉదయం కార్ నికోబార్ దగ్గర సముద్రం అడుగున భూమి కదిలింది. విశాఖపట్నం రేవులో ఆటుపోట్లు కొలిచే యంత్రం ఆ పూట కూడా ఎప్పటిలాగే నడుస్తోంది. డ్రమ్ముకు చుట్టిన కాగితం మీద నున్నగా సాగుతున్న గీత కొన్ని గంటలకు ఎగుడుదిగుడైంది. అది సునామీ. మద్రాసు, నాగపట్నం యంత్రాల్లోనూ దాని జాడ పడింది.

ఆ పాత కాగితాలను ముందేసుకుని శాస్త్రవేత్తలు మోడెస్టో ఆర్టిజ్, రోజర్ బిల్హామ్ ఆ భూకంపం పరిమాణం 7.9 అని 2003లో లెక్కగట్టారు. మరుసటి ఏడాది డిసెంబర్ 26న ఆ నికోబార్ తీరమే మళ్లీ కదిలి మన ఒడ్డు దాకా అలలు వచ్చాయి.

యంత్రాలు లేని కాలపు కుదుపులను ఏరి కూర్చినవాడు థామస్ ఓల్ధమ్. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తొలి అధిపతి ఆయనే. 1869 వరకూ జరిగిన భూకంపాల జాబితాను ఆయన మరణానంతరం కొడుకు రిచర్డ్ 1883లో అచ్చువేయించాడు. తలుపులు కొట్టుకున్నాయా, నిద్రపోయేవాళ్లు లేచారా, గోడ బీటలిచ్చిందా... ఇలాంటి వివరాలను బట్టి ఊరూరికీ ఒక అంకె వేస్తారు. ఒకే అంకె పడ్డ ఊళ్లను చుట్టి గీత గీస్తే, ఎక్కడ ఎక్కువ ఊగిందో తేలుతుంది.

చిక్కల్లా రాసినవాళ్లతోనే. దండు దిగిన చోటు, కలెక్టరు కచేరీ, రేవుపట్నం: దొరలు ఉన్నచోటే ఉత్తరాలు పుట్టాయి. మన్యంలోని పల్లెల్లో ఇళ్లు ఊగితే ఎవరు రాశారు? పటంలో ఖాళీ కనబడితే అక్కడ నేల నిశ్చలంగా ఉందనుకోవడం పొరపాటు.

1917 ఏప్రిల్ 17న విజయనగరం ప్రాంతంలో 5.5 పరిమాణంతో భూకంపం వచ్చింది. భీమిలి అక్కడికి పాతిక కిలోమీటర్లే. 17వ శతాబ్దపు డచ్చివారి సమాధులు, 1861లో ఏర్పడ్డ మున్సిపాలిటీ ఉన్న ఊరిది. ఇంత పాత పట్నానికి పాత కాగితాల కొరత ఉండకూడదు.

బిహార్‌లో 1934లో జరిగిన వినాశనం తర్వాత, 1935లో దేశానికి తొలి భూకంప పటం వచ్చింది. 1962లో అది ప్రమాణాల నియమావళిలోకి చేరి, పెద్ద కుదుపు వచ్చినప్పుడల్లా మారుతూ వచ్చింది. 1993లో వేలమందిని బలిగొన్న భూకంపం వచ్చిన కిల్లారి అప్పటి పటంలో అతి తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలంలో ఉంది. 2002 పటంలో ఆ మండలాన్నే ఎత్తేశారు. అందులో విశాఖ, భీమిలి రెండో మండలంలో, అంటే మిగిలినవాటిలో అట్టడుగున ఉన్నాయి.

పటంలో ఆ మండలానికి వేసిన రంగుకు కొండరాయికీ, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటి తడి ఇసుకకూ తేడా తెలియదు. ఒకే కుదుపుకు ఆ రెండింటి మీదా కట్టిన ఇళ్లు ఒకేలా ఊగవు. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 పరిమాణంతో భూకంపం వచ్చినప్పుడు విశాఖలో జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. బీచ్ రోడ్డు వెంట భీమిలి దాకా మేడలు లేస్తున్న ఈ రోజుల్లో, ఏ మేడ ఏ నేల మీద ఉందో వీధివీధికీ తేల్చడం అత్యవసరం.

దానికి పాత సాక్ష్యమూ కావాలి. మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక, బందరు నుంచి వచ్చిన కృష్ణాపత్రిక 1917 నాటికే ఉన్నాయి. ఆ ఏప్రిల్ సంచికల్లో భీమిలి గురించి రెండు పంక్తులు దొరికినా, ఆనాటి కుదుపు పటంలో ఈ ఊరికీ ఒక అంకె వేయొచ్చు.