బొంబాయి నగరమున వాటాల వెఱ్ఱి

మనవారు నలుగురు కూడినచోట నేడు తఱచుగా వినవచ్చు ప్రశ్నలు కొన్ని కలవు. ఏ కంపెనీ వాటా కొనుట మేలు? కొన్నదానిని ఎన్నాళ్లు ఉంచుకొనవలెను? ధర పెరిగినప్పుడు అమ్మవలెనా, ఇంకను పెరుగునని వేచియుండవలెనా? ఒకరు ఒక విధముగా చెప్పుదురు. వేఱొకరు దానిని ఖండింతురు. ఈ ప్రశ్నలు నిన్న మొన్న పుట్టినవి కావు. ఇంచుమించు నూటయఱువది యేండ్ల క్రిందట బొంబాయి నగరవాసులు ఇవే ప్రశ్నలు వేసికొనిరి. వారికి దొరకిన సమాధానము మిక్కిలి కఠినమైనది. మనవారు అనేకులు తరతరములుగా స్థిరపడిన నగరము బొంబాయి. కావున ఆ వృత్తాంతము మనకు పరాయిది కాదు.

1850 ప్రాంతమున బొంబాయిలో వాటాల దలాలులు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది మాత్రమే యుండిరి. వారు టౌనుహాలు ఎదుట మఱ్ఱిచెట్ల నీడను కూడి బేరములు చేసికొనుచుండిరి. 1857లో వెలువడిన కంపెనీల చట్టము వలన వాటాదారుని బాధ్యత అతడు తీసికొన్న వాటాల సొమ్మునకే పరిమితమగుటకు వీలు కలిగెను. కంపెనీ మునిగినను ఇల్లువాకిలి పోదను ధైర్యము జనులలో కుదిరెను. 1860 నాటికి దలాలుల సంఖ్య 60కి చేరెను.

1861 ఏప్రిలులో అమెరికాలో అంతర్యుద్ధము ఆరంభమయ్యెను. ఉత్తర రాష్ట్రముల నౌకాదళము దక్షిణపు రేవులను దిగ్బంధించుటచే అచ్చటి పత్తి ఇంగ్లండునకు చేరుట ఆగిపోయెను. లాంకషైరు మిల్లులు హిందూదేశపు పత్తిపై ఆధారపడవలసి వచ్చెను. ఈ గిరాకి ఆంధ్రతీరమునకును సోకెను. గుంటూరు సీమ పత్తి కాకినాడకు తరలి ఓడలకెక్కెను. ఆ రేవు ప్రాముఖ్యమునకు వచ్చినది ఆ దినములలోనే. యానాము సోదరులకు ఇది ఇరుగుపొరుగు చరిత్రయే. కాని లాభములో పెద్దపాలు బొంబాయిది. మామూలు ధరలకంటె అదనముగా ఆ నగరమునకు వచ్చిన ధనము 7 కోట్ల పౌనులు మించెనని ఆనాటివారి లెక్క.

ఇంత ధనము ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు దానిని నిలుపుకొను చోటు కావలెను. మిల్లులు అప్పటికి కొద్ది. కావున కొత్త కంపెనీలు పుట్టెను. 1865 జనవరి నాటికి నగరమున 31 బ్యాంకులు, 16 ఋణసంస్థలు, 8 భూమి కంపెనీలు ఉండెను. వీనిలో కొన్నిటికి పేరు, కార్యాలయపు గది తప్ప వేఱు ఆస్తి లేదు. దలాలులు 200 మించిరి.

వీనియన్నిటిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది బ్యాక్‌బే సముద్రతీరమును పూడ్చి నేల సంపాదింపదలచిన కంపెనీ. ఆలోచన బూటకము కాదు. ఇఱుకైన ఆ ద్వీపనగరమునకు నేల నిజముగా అవసరమే. అయినను 5,000 రూపాయలు చెల్లించిన వాటా 50,000 రూపాయల వఱకు పోయెను. సముద్రమున ఇంకను నీరే యున్నది. ధర మాత్రము పదింతలయ్యెను. సూరతులో పుట్టిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఆనాటి దలాలులలో అగ్రగణ్యుడు. కొత్త కంపెనీ వాటాల కేటాయింపునకు అతని మాటయే ప్రమాణమయ్యెను. ప్రభుత్వమునకు సంబంధముగల బ్యాంక్ ఆఫ్ బాంబే సైతము 1863లో వచ్చిన కొత్త చట్టపు అనుమతితో వాటాల తాకట్టుపై విరివిగా అప్పులిచ్చెను.

ఇచ్చట రెండు సంగతులు పాఠకులు గుర్తింపవలెను. మొదటిది: పెక్కు వాటాలపై సొమ్ములో కొంత భాగమే మొదట చెల్లింపవలెను, మిగిలినది కంపెనీ అడిగినప్పుడెల్ల కట్టవలెను. చౌకగా వచ్చినదని పది వాటాలు కొన్నవాడు నిజమునకు పది అప్పులు నెత్తికెత్తుకొన్నవాడు. రెండవది వాయిదా బేరము. నేడు ధర నిశ్చయించుకొని, కొన్ని నెలల తరువాత ఒక నిర్ణీత దినమున వాటాలు పుచ్చుకొని సొమ్ము చెల్లించుట దీని పద్ధతి. ఇందులో కొనువానిచేతిలో డబ్బు లేదు, అమ్మువానిచేతిలో వాటా లేదు. గడువులోగా ధర పెరుగునని కొనువానికి, తగ్గునని అమ్మువానికి గల నమ్మకమే వారి మూలధనము. ఆనాడు అత్యధిక సంఖ్యలో బేరములకు 1865 జులై 1వ తేదీ గడువుగా ఏర్పడెను.

1865 ఏప్రిల్ 9వ తేదీన దక్షిణ సేనాని లీ లొంగిపోయెను. ఆ వార్త బొంబాయి చేరినంతనే పత్తి ధర పడెను; దానివెంట వాటాల ధరలు కూలెను. గడువు దినము వచ్చునప్పటికి కొన్నవారు చెల్లింపలేరు, అమ్మినవారు రాబట్టుకొనలేరు. ఒకని దివాలా మఱియొకని దివాలాకు కారణమయ్యెను. బ్యాక్‌బే వాటా 2,000 రూపాయలకంటె దిగజాఱెను. 500 రూపాయలు చెల్లించిన బ్యాంక్ ఆఫ్ బాంబే వాటా ఒకప్పుడు 2,850 పలికి, చివరకు 87 రూపాయలకు వచ్చెను. ఆ బ్యాంకు 1868లో మూతపడగా దానిస్థానమున అదే పేరుతో వేఱొక బ్యాంకు స్థాపింపవలసి వచ్చెను.

వాటా యననేమో యెఱుగనివారికి సైతము ఈ ఉపద్రవములో పాలు దక్కెను. నిజాం సీమనుండి వలసవచ్చి ఆ నగరపు కట్టడములలో చెమటోడ్చిన తెలుగు కామాఠీల పేర వెలసినదే కామాఠిపుర. వాటాల వేడి హెచ్చిన యేండ్లలో బియ్యము, ఇంటి అద్దె మండిపోయెను. కంపెనీలు కూలినప్పుడు వాని క్రింది పనులును నిలిచెను. లాభమున భాగము లేనివారు నష్టమున భాగస్థులైరి.

ఆనాటివారు తెలివిలేనివారని తలంపరాదు. వ్యాపారమున తలపండినవారు పెక్కురు వారిలో నుండిరి. వారు వేసిన ప్రశ్నలు రెండే: రేపు ధర ఎంత? ఎవరు కొనుచున్నారు? వేయవలసినవి వేఱు. ఈ కంపెనీ ఏమి చేసి సంపాదించును? సొమ్ము ఎవరిది, అప్పుదా సొంతమా? గిరాకికి మూలమైన కారణము తొలగినచో మిగులునదేమి? యుద్ధము ఒకనాడు ముగియునని యెఱుగనివాడు లేడు. దానిని తన వాటాకు అన్వయించుకొన్నవాడు అరుదు. తన యౌవనమున ఆ విపత్తును చూచిన దిన్షా ఎదుల్జీ వాఛా తరువాత 1910లో దానిపై ప్రత్యేకముగా ఒక గ్రంథము ప్రకటించెను.

అనుభవము కొంత క్రమమును నేర్పెను. దలాలులు 1875లో సంఘముగా ఏర్పడిరి; అదియే నేటి బొంబాయి స్టాక్ ఎక్స్‌ఛేంజి. మొదట 318 మంది సభ్యులు, ప్రవేశరుసుము ఒక రూపాయి. 1956లో వాటాల ఒప్పందములపై చట్టము వచ్చెను. 1992లో సెబీకి శాసనాధికారము లభించెను. 2023 నుండి కొన్న వాటాలు మఱునాటికే ఖాతాకు చేరుచున్నవి. అయినను వాయిదా బేరము పేరు మార్చుకొని మన యిండ్ల ముంగిటనే యున్నది. ఫ్యూచర్లు, ఆప్షన్లలో వ్యాపారము చేసిన విడివ్యక్తులలో నూటికి 93 మంది 2022 మొదలు 2024 వఱకు గల మూడు ఆర్థిక సంవత్సరములలో నష్టపోయినట్లు 2024లో సెబీ వెల్లడించెను. చట్టము మోసమును కొంత అరికట్టగలదు; ఆశను అరికట్టజాలదు.

వాటాలు కొనుటయే దోషమని చెప్పుట ఈ వ్యాస తాత్పర్యము కాదు. పరాయి సీమలో స్థిరపడి, వెనుక పొలము పుట్ర లేక, కష్టార్జితముపైననే నిలిచిన కుటుంబములు మనలో నెన్నియో కలవు. అట్టివారు పరిశ్రమలలో భాగస్వాములగుట ఉచితమే. కాని బిడ్డ చదువునకును, వైద్యమునకును ఉంచిన సొమ్ము వేఱు, సాహసమునకు పెట్టగల సొమ్ము వేఱు. అప్పుచేసి కొన్న వాటా సొంతము కాదు. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ 1864లో తన తల్లి పేర గడియార గోపురమునకు ఇచ్చిన విరాళమునుండి లేచిన రాజాబాయి గోపురము 1878లో పూర్తియై నేటికిని నిలిచియున్నది. ఆ వెఱ్ఱి దినముల ధనములో వాటాగా నుండిపోయినది కరగెను. విద్యాలయమునకు చేరినది నిలిచెను.