తాడు ఎవరు పట్టాలి? – నల్లమల అంచు తెగల చరిత్రలో నేర్పుల పంపకం

ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరిగే ప్రతిసారీ వేదిక మీద మన వీరుల పేర్లు వింటాం. వినాల్సినవే. అయితే ఈ సంచికకు ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, వసతి గృహాల్లో రోజూ పిల్లల మధ్య గడిపే మాకు వేరే చరిత్ర ఒకటి రాయాలనిపించింది. ఒక గుంపులో ఎవరికి ఏది బాగా వచ్చో కనిపెట్టడం, కనిపెట్టాక ఆ పని వాళ్లకే అప్పగించడం అనే విద్య చరిత్ర అది. పట్టణాల్లో కంపెనీలు ఇవాళ డబ్బు కట్టి మరీ ఈ విషయం మీద శిక్షణ తరగతులు పెట్టించుకుంటున్నాయి. గార్డనర్ అనే అమెరికా పండితుడు 1983లో ప్రతిపాదించిన బహుళ ప్రజ్ఞల సిద్ధాంతాన్ని మేము బీఈడీలో పరీక్ష కోసం బట్టీ పట్టాం. నల్లమల అంచున మన పెంటల్లో, తండాల్లో దీనికి సిద్ధాంతమనే పేరు లేదు. అది లేకపోతే ఆ పూట గడిచేది కాదు, అంతే.

మన రాచర్ల ఉన్న చోటు ఎలాంటిదో ముందు గుర్తు చేసుకుందాం. పడమట నల్లమల. ఆ కొండల్లో పుట్టిన గుండ్లకమ్మ నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి దగ్గర గుండంలోకి దూకి, కిందికి పారి కంభం చెరువును నింపుతుంది. గిద్దలూరు దాటి పడమటికి పోతే నంది కనుమ మీదుగా నంద్యాల దారి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు కర్నూలు జిల్లాలోవే. అందుకే మన తాతల సంగతులు వెతకాలంటే కర్నూలు జిల్లా పాత కాగితాల్లో వెతకాలి. చెంచులు, సుగాలీలు, ఎరుకలవారు, యానాదులు నలుగురూ తిరిగిన నేల ఇది.

చెంచుల తేనె పనితో మొదలు పెడదాం. కొండచరియకు వేలాడే పెద్ద పట్టును కోయడం ఒంటరి మనిషి పని కాదు. పట్టు ఎక్కడుందో, ఈగ ఎటు పోతోందో చూసి చెప్పేవాడు ఒకడు. పచ్చి ఆకు, ఎండు ఆకు కలిపి మంట రాకుండా పొగ మాత్రమే వచ్చేట్టు కట్ట కట్టగలిగినవాడు ఇంకొకడు. తాడు మీద చరియ అంచు దాటి కిందికి దిగేవాడు మరొకడు. పైన తాడు పట్టేవాడు చివరివాడు. ఆ తాడు దిగేవాడి బావమరిదే పట్టాలని చెంచుల్లో కట్టుబాటు. అన్నదమ్ముల మధ్య ఆస్తి తగువులుండొచ్చు గానీ, తన అక్కచెల్లెలు ముండమోయాలని ఏ బావమరిదీ కోరుకోడు కదా అని దానికి కారణం చెబుతారు. ఈ సంగతిని చాలామంది వింతగా చెప్పుకుని నవ్వి వదిలేస్తారు. మాకు మాత్రం ఇందులో పెద్ద తెలివి కనిపిస్తుంది. దిగడానికి తేలికైన ఒళ్లు, అదరని గుండె కావాలి. పట్టడానికి బలం ఒక్కటే చాలదు, నమ్మకం కావాలి. నమ్మకాన్ని కూడా ఒక నేర్పుగా లెక్కగట్టి, దానికీ ఒక మనిషిని నియమించిన గుంపు అది.

ఆస్ట్రియా నుంచి వచ్చిన ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లో కృష్ణకు అవతల, హైదరాబాదు రాజ్యం వైపు చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చువేశాడు. అంతకు దాదాపు వందేళ్ల ముందే న్యూబోల్డ్ అనే సైనికాధికారి చెంచుల గురించి వ్యాసం రాశాడు. బయటివాళ్లు ఇన్నిసార్లు రాసినా, చెంచులు ఏం తింటారు, ఏం కట్టుకుంటారు, ఎవర్ని మొక్కుతారు అన్నది ఎక్కువ, ఎవరు ఏం చేయగలరు అన్నది తక్కువ.

సుగాలీల సంగతి వేరే. తండా అంటే ఇవాళ మనకు ఊరు. ఒకప్పుడు అది నడిచే గుంపు. వందల ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోపలి సీమలకు, లోపలి ధాన్యాన్ని ఇటు మోసుకొచ్చేవారు. 1791-92లో టిప్పు సుల్తాను మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు అందించింది కూడా ఇలాంటి బంజారా ఎడ్ల గుంపులే. అంత పెద్ద కదలికను నడపాలంటే నాయక్ ఒక్కడు చాలడు. బేరం, దారి, తగువు తీర్పు నాయక్‌వి. ఆయన మాటను పనిలో పెట్టేవాడు కార్భారి. వంశాల చరిత్ర నోటికి చెప్పడానికి భాట్లు వేరే. ఎద్దుకు గిట్ట అరిగిందో లేదో నడక చూసి చెప్పేవాళ్లు, రాత్రి మూటలను గోడలా పేర్చి కాపలా కాసేవాళ్లు, దారిలో కాన్పు వస్తే చూసుకునే ముసలమ్మలు ఎవరికి వారే. గుంటకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం మీదుగా బెజవాడ వైపు మీటరు గేజి రైలు 1890 నాటికి నడిచేసరికి ఎడ్ల మోతతో పని తీరిపోయింది. ఉప్పు మోసే ఎరుకలవారి బతుకునూ ఉప్పు పన్ను, రైలు కలిసి అలాగే దెబ్బ తీశాయి. పని పోయినవాడి నేర్పు ఒక్క రోజులో చచ్చిపోదు. అయితే దాన్ని అడిగేవాడు లేకపోతే మూడో తరానికి మాట కూడా మిగలదు.

ఇక కనుమలు. నంది కనుమ, మంత్రాల కనుమ, దోర్నాల దారి అడవిలోంచి పోయేవి. ఆ దారుల్లో బాటసారులకు, శ్రీశైలం పోయే యాత్రికులకు దారి చూపడం, కాపలా కాయడం చెంచుల పనిగా ఉండేది. పాలకులు తమకు తెలియని అడవిని తెలిసినవాళ్ల చేతిలో పెట్టారు. మెచ్చుకోవాల్సిన పనే.

అదే పాలకులు తర్వాత చేసింది దీనికి పూర్తిగా ఎదురు. 1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 చట్టంతో మద్రాసు రాజధానికి వచ్చింది. పుట్టుకతోనే మనిషి దొంగ అన్నది ఆ చట్టం పునాది. పేరు నమోదు, వేలిముద్ర, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. ఎరుకలవారి కోసం 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టింది. బుట్ట అల్లే చెయ్యి, ఎరుక చెప్పే నోరు, గాడిదల మీద సరుకు నడిపిన అనుభవం, ఇవేవీ రిజిస్టరుకు ఎక్కలేదు. ఎక్కింది కులం పేరు. యానాదుల తరఫున జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటివారు ఈ చట్టం మీద పోరాడారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా అది రద్దయింది. ఆ రోజు తర్వాతే 'విముక్త జాతులు' అనే మాట పుట్టింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక తెగ అంతటినీ దొంగలనడం ఎంత తప్పో, ఒక తెగ అంతటినీ 'అడవి బిడ్డలు, చెట్లెక్కడంలో దిట్టలు' అనడమూ మనిషిని చూడకపోవడమే. మొదటిది తిట్టు, రెండోది పొగడ్త. రెండింటిలోనూ మనిషి కనిపించడు. తేనెకు పోయే గుంపు చెంచువాడైతే చాలునని ఎవర్నీ చరియ మీదికి దింపలేదు. పోయిన ఏడాది ఎవడి కాలు వణికిందో వాళ్లకు గుర్తుంది.

స్వరాజ్యం వచ్చాక కాలనీలు కట్టారు, నాగలి, ఎద్దులు, మేకలు ఇచ్చారు. 1975లో దేశంలో ఆదిమ గిరిజన సమూహాలను గుర్తించినప్పుడు చెంచులు ఆ జాబితాలోకి వచ్చారు. మంచి చేయాలనే ఉద్దేశం లేదనం. అయితే 'ఆదిమ' అన్న మాటలో మళ్లీ లేనిదాని లెక్కే ఉంది. 2006లో ఆ మాట మార్చి 'ప్రత్యేకంగా దుర్బలమైన సమూహం' అన్నారు. అందులోనూ లేమి లెక్కే.

ఉన్నదాన్ని చూసి చేసిన పనులు కొన్ని ఉన్నాయి, అవి నిలబడ్డాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తపసి జిగురు, తేనె కొంటుంది. జిగురు కోసం చెట్టును లోతుగా నరికితే చెట్టు చస్తుంది. చిన్న గాటు పెట్టడం, శుభ్రంగా తీయడం, రంగును బట్టి రకాలు వేరు చేయడం నేర్పాక చెట్టూ బతికింది, ధరా పెరిగింది. అడవి తెలిసినవాళ్లకు అడవి గురించి చెప్పకుండా, గాటు గురించి మాత్రమే చెప్పారు. ఆ హద్దు తెలిసినవాళ్లే మంచి శిక్షకులని మా అభిప్రాయం.

రెండోది పులుల రక్షణ. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల రిజర్వు అయింది. మనకు దగ్గరలోని గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం తర్వాత వచ్చింది. అడవిలోని బేస్ క్యాంపుల్లో కాపలాదారులుగా చెంచు యువకులు పనిచేస్తున్నారు. ఇప్పుడు చారల ఫొటో తీసే కెమెరాలు వచ్చాయి. అయినా కెమెరా ఏ చెట్టుకు కట్టాలో చెప్పాలంటే పులి ఏ దారిన నీళ్లకు పోతుందో తెలిసిన మనిషి కావాలి. అడుగుజాడ తాజాదా, నిన్నటిదా చూసి చెప్పేవాడికి, కెమెరా కార్డు మార్చి వివరం రాసుకునేవాడికి జత కుదిరితేనే క్యాంపు పని నడుస్తుంది. జీతాలు, భద్రత విషయంలో వాళ్లకు ఇంకా జరగాల్సింది చాలా ఉంది. అది ఇంకో వ్యాసం.

పక్క రాష్ట్రంలో దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయారు. మన యానాదుల్లాగే పాములు, ఎలుకలు పట్టడంలో ఆరితేరిన ఇరులర్లు తమిళనాడులో పాముతోళ్ల వ్యాపారానికి పాములు పట్టి ఇచ్చేవారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత ఆ దారి మూసుకుపోయింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో వాళ్లదే ఒక సహకార సంఘం ఏర్పడింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటిని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషం నుంచే పాముకాటుకు మందు తయారవుతుంది. మన పొలాల్లో పాము కరిచి ఆసుపత్రికి పరుగెత్తేవాళ్లకు ఎక్కించే మందు వెనుక ఇరులర్ల చెయ్యి ఉంది. అదే తెగకు చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్ 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు పోయి, అక్కడివాళ్లు వేటకుక్కలతోనూ పట్టలేకపోతున్న కొండచిలువలను మొదటి రెండు వారాల్లోపే పదమూడు పట్టారు. ఇంగ్లీషు రాదు, దుబాసీలు వెంట వెళ్లారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. అవార్డు కంటే మాకు నచ్చింది, అక్కడి శాస్త్రవేత్తలు 'మీరెలా కనిపెడుతున్నారు' అని అడగడం.

ఈ ప్రశ్న మన వసతి గృహాల్లో ఎవరు అడుగుతున్నారు? జూన్‌లో పిల్ల చేరగానే రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, ఉపకులం, ఆధార్, బరువు, రక్తహీనత అన్నీ రాస్తాం. ఆ పిల్లకు ఏం వచ్చో రాయడానికి గడి లేదు. ఇంట్లో గోర్ బోలి మాట్లాడే పిల్ల తరగతిలో నోరు విప్పకపోతే 'మందం' అని రాసేస్తారు. దీపావళికి ఇంటికి పోయిన పిల్లల్లో కొందరు తిరిగి రారు. వాళ్లకు చదువు రాక కాదు, తమకు వచ్చింది ఇక్కడ ఎవరికీ అక్కర్లేదని తెలిసి.

అందుకే మాలో కొందరం ఒక మామూలు నోట్‌బుక్ పెట్టుకున్నాం. పిల్ల చేరిన మొదటి నెలంతా చూస్తాం, అడగం. అడిగితే 'ఏమీ రాదు మేడం' అంటారు. ఎవరు నీళ్ల దగ్గర తగువు తీరుస్తున్నారు, ఎవరు జ్వరం పిల్ల పక్కన పడుకుంటున్నారు, సరుకు లారీ వచ్చినప్పుడు బస్తాల లెక్క ఎవరి నోటికి ముందొస్తోంది, ఇవి రాస్తాం. తర్వాత ఎనిమిదేసి మందిని గుంపులుగా వేస్తాం. ఒక్కో గుంపులో అన్ని తెగల పిల్లలూ ఉండాలి, ఒకే నేర్పు ఇద్దరికి మించి ఉండకూడదు. కులాన్ని చూసి పని పంచకూడదన్నది మా మొదటి నియమం. బుట్ట అల్లేది ఎరుకల పిల్లే అనుకుంటాం. మా దగ్గర ఈత బెత్తంతో చక్కగా అల్లేది సుగాలీ పిల్ల. స్టోర్ లెక్కలు తప్పులేకుండా చూసేది చెంచు పెంట నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల. ఆమె తండ్రి తేనెకు పోతాడు, ఆమె ఎప్పుడూ చెట్టెక్కలేదు. ప్రతి మూడు నెలలకూ పనులు మార్చి చూస్తాం, ఎందుకంటే పిల్లలకు తమకే తెలియని నేర్పులుంటాయి. గుంపు లోపల ఒకరి పని ఇంకొకరికి నేర్పించాలి కూడా. పదో తరగతి పరీక్షల ముందు ఈ గుంపులే చదువు గుంపులవుతాయి, వాటిలో లెక్కల పిల్ల తెలుగు పిల్లకు, తెలుగు పిల్ల లెక్కల పిల్లకు.

నోట్‌బుక్‌లో ఒక పేజీ మాత్రం పిల్లలు నింపలేరు. పెద్దలే నింపాలి. నారతో తాడు పేనడం, పొగకట్ట కట్టడం, నడక చూసి ఎద్దు జబ్బు చెప్పడం, ఈత బెత్తం చీల్చడం తెలిసిన అమ్మలు, తాతలు మన మండలంలోనూ, గిద్దలూరు, అర్ధవీడు వైపూ ఇంకా ఉన్నారు. దసరా సెలవులు అయ్యాక రెండు ఆదివారాలు వారిని పిల్లల దగ్గరికి రప్పించాలని సంఘంతో మాట్లాడుతున్నాం. దారి ఖర్చు, భోజనం మేము చూసుకుంటాం. నార తెచ్చుకోనక్కర్లేదు, ముందు రోజే నానబెట్టి ఉంచుతాం. తాడు పేనినాయన దాన్ని ఎవరి చేతికివ్వాలో ఆ రోజు పిల్లల్ని చూసి ఆయనే ఎంచుతారు.