చిరునామా కుదరాలి: మెమరీ అలైన్‌మెంట్ పుట్టుపూర్వోత్తరాలు

నాలుగు బైట్ల పూర్ణాంకం మెమరీలో ఎక్కడ మొదలైతేనేం? 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 అందుకు ఒప్పుకోలేదు. 4 బైట్ల సంఖ్య చిరునామా 4తో, 8 బైట్లది 8తో నిశ్శేషంగా భాగం పోవాల్సిందే. లేకపోతే ప్రాసెసర్ తప్పు పట్టేది. మెమరీని ఒక్కో బైటుగా కాక గుంపులుగా చదువుతారు. గుంపు హద్దు దాటిన సంఖ్య కోసం రెండుసార్లు వెళ్లి, ముక్కలు అతకాలి.

ఐబీఎం పీఎల్/1 భాషలో చిరునామా ఇలా కుదరాలో అక్కర్లేదో ప్రోగ్రామరే చెప్పొచ్చు: అలైన్డ్, అన్‌అలైన్డ్. అంత ముందుగా ఆలోచించినవాళ్లకు దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం. ఎందుకంటే తర్వాత వచ్చిన సీ భాష ఈ సంగతే ఎత్తలేదు. బేసి చిరునామాలో రెండు బైట్ల పదం అడిగితే ట్రాప్ అయ్యే పీడీపీ-11 మీద పెరిగి కూడా, ఆ పని కంపైలర్‌కే వదిలేసింది.

కంపైలర్ ఏం చేస్తుందో చూడండి. స్ట్రక్చర్‌లో క్యార్, ఇంట్, క్యార్ అని వరసగా రాస్తే ఉన్న డేటా 6 బైట్లే, కానీ నేటి మామూలు మెషీన్లలో సైజు 12. ఇంట్‌ను ముందుకు తెస్తే 8కి దిగుతుంది. మిగతావి ప్యాడింగ్. కెర్నిగన్, రిచీల 1978 పుస్తకంలోని మెమరీ కేటాయింపు ప్రోగ్రాం చూస్తే, బ్లాక్ హెడర్‌ను యూనియన్‌గా రాశారు. అందులో ఒక సభ్యుడు ఎక్కడా వాడకానికి రాడు, అలైన్‌మెంట్ కుదర్చడానికే ఉన్నాడు. భాషలో మాట లేక పడ్డ తిప్పలవి.

ఇంటెల్ ఎక్స్86 చాలాకాలం సర్దుకుపోయింది; కుదరని చిరునామా ఇస్తే నెమ్మదించేదే తప్ప ఆగేది కాదు. 1999లో పెంటియం 3తో ఎస్ఎస్ఈ సూచనలు వచ్చాక కథ మారింది. నాలుగు ఫ్లోట్లను ఒకేసారి తెచ్చే మూవాప్స్ సూచనకు 16 బైట్ల హద్దు తప్పనిసరి, లేకుంటే ప్రోగ్రాం కూలుతుంది. గ్రాఫిక్స్, ఆడియో కోడ్ రాసేవాళ్లందరికీ హద్దును తామే చెప్పాల్సిన అవసరం పడింది. జీసీసీలో ఒక రాత, మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో ఇంకో రాత. రెండిట్లోనూ నడవాలంటే మాక్రోల చాటున దాచాల్సిందే.

2011లో సీ++ ప్రమాణంలోకి హద్దు ఎంతో చెప్పే అలైనాస్ అనే మాట వచ్చింది. అదే ఏడు సీ కూడా అండర్‌స్కోర్ తగిలించి తీసుకుంది, సీ23లో అండర్‌స్కోర్ అవసరం లేకుండా చేసింది. 2018లో రస్ట్ స్థిరమైన వెర్షన్‌లోనూ ఈ సదుపాయం చేరింది. అయితే అలైనాస్ హద్దును పెంచుతుందే గాని తగ్గించదు. ప్యాడింగ్ లేకుండా బిగించాలంటే సీలో నేటికీ ప్రాగ్మా ప్యాక్ లాంటి కంపైలర్ సొంత ఏర్పాట్లే దిక్కు.