పెరటి అరుగు మీది రాతలు

మా రాజోలు వైపు మండువా లోగిళ్ళలో వీధి అరుగు మగవాళ్ళది. ఊరి సంగతులు అక్కడే తేలేవి. ఆడవాళ్ళ మాటలు పెరటి అరుగు మీద, పనుల మధ్య సాగేవి. వాటినెవరూ రాసిపెట్టలేదు.

అంతర్జాలంలోనూ నాకు ఆ రెండు అరుగులూ కనబడ్డాయి. అమెరికాలో స్థిరపడిన రచయిత్రి నిడదవోలు మాలతి 2001లో తూలిక.నెట్ ప్రారంభించారు. తెలుగు కథల ఆంగ్లానువాదాలు, విమర్శ వ్యాసాలు అక్కడ ప్రచురించారు. తరువాత వర్డ్‌ప్రెస్‌లో ‘తెలుగు తూలిక’ బ్లాగు పెట్టి, ‘ఊసుపోక’ శీర్షికతో నిత్యజీవితం మీద చిన్న వ్యాసాలు రాశారు. ఆడవాళ్ళ రాతల్ని ఊసుపోని కబుర్లని కొట్టిపారేసే లోకానికి ఆ పేరే జవాబేమో అనిపిస్తుంది నాకు.

అయితే ఇలాంటి తేలిక వేదికలు అద్దె కొంపలే. ఈమెయిలు పంపితే చాలు, రాత అచ్చయిపోయే పోస్టరస్ 2008లో మొదలైంది. 2012లో ట్విట్టర్ దాన్ని కొన్నది. 2013 ఏప్రిల్ 30న అది మూతపడింది.

1996 నవంబరు 6 తుఫాను రాత్రి గురించి మా అమ్మమ్మ చెప్పినవి నేనూ అలాంటి ఒక చోట ముక్కలు ముక్కలుగా రాసుకున్నాను. నకలు ఉంచుకోలేదు. ఆ చోటు లేదు, అమ్మమ్మా లేదు. నా సిద్ధాంతగ్రంథం మాత్రం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. అందులో ఆ రాత్రి ఒక్క పాదసూచిక.

వెబ్‌సైటు పక్కన చిన్న పేజీ ఉండవలసిందే. సంకోచం లేకుండా మాట్లాడుకోగలిగేది అక్కడే. కానీ ఆ రాతల్ని కూడా మనమే దాచుకోవాలి. రేపు మన చరిత్ర రాయబోయే అమ్మాయికి మళ్ళీ వీధి అరుగొక్కటే మిగలకూడదు.