క్లౌడ్ నిల్వలో ఫైళ్ల తొలగింపు: కమాండ్ లైన్ చరిత్ర

క్లౌడ్‌లో దాచిన ఫైళ్లను మౌస్‌తో ఒక్కొక్కటిగా ఎంచకుండా, టైపు చేసిన ఒక కమాండ్‌తో చెరిపివేసే పద్ధతి ఇది. వేల ఫైళ్లు ఒకే వరుసతో పోతాయి. ఆ వరుసను స్క్రిప్టులో రాసిపెడితే రోజూ రాత్రి దానంతటదే నడుస్తుంది. డేటా కేంద్రాల నిర్వాహకుల నుంచి రాజమండ్రి, భీమవరం కాలేజీల్లోని ఇంజనీరింగ్ విద్యార్థుల దాకా అందరికీ పనికొచ్చే విద్య. కమాండ్ యాభై ఏళ్ల నాడే పుట్టింది. దానికి పగ్గాలు పడటానికి మాత్రం చాలా కాలం పట్టింది, చాలా నష్టాలూ జరిగాయి.

మూలాలు

1971 నవంబరు 3 తేదీతో వెలువడిన యూనిక్స్ తొలి మాన్యువల్‌లోనే ‘ఆర్‌ఎం’ కమాండ్ ఉంది. అది డైరెక్టరీలోంచి ఫైలు పేరును తీసేస్తుంది. ఆ ఫైలుకున్న చివరి పేరు కూడా పోయి, ఏ ప్రోగ్రామూ దాన్ని తెరిచి ఉంచకపోతే, డిస్కులో చోటు ఖాళీ అవుతుంది. మామూలుగా అయితే ఎందుకని అడగదు, తీసేశానని చెప్పదు. ఎంఎస్-డాస్‌లోని ‘డెల్’ కొంత నయం. అది ఫైలు పేరులో మొదటి అక్షరాన్ని ఒక గుర్తుతో మార్చి ఊరుకునేది, లోపలి సమాచారం మరో ఫైలు వచ్చి పడేదాకా డిస్కు మీదే ఉండేది. 1991లో డాస్ 5.0తో వచ్చిన ‘అన్‌డిలీట్’ ఆ సమాచారాన్నే వెతికి తెచ్చేది.

1998లో పిక్సార్ స్టూడియోలో పొరపాటున నడిచిన ఒక ఆర్‌ఎం కమాండ్ ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లలో చాలా భాగాన్ని చెరిపేసింది. బ్యాకప్‌లు పనిచేయలేదు. ఇంటి నుంచి పనిచేస్తున్న ఒక ఉద్యోగిని కంప్యూటరులో ఉన్న ప్రతి వల్ల సినిమా బతికింది. సిస్టమ్ మొత్తాన్ని చెరిపే ఆజ్ఞను, లినక్స్‌లో వాడే గ్నూ వారి ఆర్‌ఎం తనంతట తాను నిరాకరించడం 2006లో మొదలైంది. అంటే ఈ కమాండ్ పుట్టిన ముప్పై అయిదేళ్లకు.

క్లౌడ్‌లోకి

అదే 2006లో, మార్చి 14న, అమెజాన్ తన ఎస్3 నిల్వ సేవను ప్రారంభించింది. ఇందులో ఫైళ్లను ‘బకెట్’లలో ఉంచుతారు. నిజానికి లోపల ఫోల్డర్లు ఉండవు. ఉన్నవన్నీ పొడుగాటి పేర్లే, ఆ పేరులో ఏటవాలు గీత (/) పడిన చోటును మనం ఫోల్డరు అనుకుంటాం. అందువల్ల ఒక ఫోల్డరును తీసేయడమంటే ఫలానా అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నిటినీ తీసేయడం. చిక్కు ఇక్కడే వస్తుంది. ‘రాజమండ్రి’ అని మొదలయ్యేవన్నీ జాబితా కట్టమంటే ‘రాజమండ్రి-పాతవి’ కూడా ఆ జాబితాలో చేరిపోతాయి.

మొదట్లో ఒక్కో అభ్యర్థనకు ఒక్క ఫైలే పోయేది. 2011 డిసెంబరులో ఒకే అభ్యర్థనతో వెయ్యి దాకా తీసే వీలు వచ్చింది. 2013లో అమెజాన్ తన కమాండ్ లైన్ పనిముట్టును పూర్తి స్థాయిలో విడుదల చేసింది. గూగుల్‌ది ‘జీఎస్‌యుటిల్’, దాని స్థానంలోకి తర్వాత ‘జీక్లౌడ్ స్టోరేజ్’ వచ్చింది. చాలా కంపెనీల నిల్వలతో పనిచేసే ‘ఆర్‌క్లోన్’ వేరే ఉంది. 2022 నవంబరులో హైదరాబాదులో అమెజాన్ డేటా కేంద్రాల ప్రాంతం (రీజియన్) తెరుచుకున్నాక, గోదావరి జిల్లాల్లో టైపు చేసిన కమాండ్ తెలుగు నేల మీదే అమలయ్యే వీలు కలిగింది.

ఎస్3లో తొలగింపుకు రుసుము లేదు. కానీ అరుదుగా వాడే చవక నిల్వల్లో గడువుంటుంది. రకాన్ని బట్టి 30, 90 లేదా 180 రోజులు. గడువు లోపు చెరిపితే మిగిలిన రోజుల అద్దె కూడా కట్టాలి.

నష్టాలు, పగ్గాలు

ఏ రక్షణా పెట్టని బకెట్‌లో చెరిపిన ఫైలు ధవళేశ్వరం గేట్లు దాటి సముద్రం వైపు వదిలిన నీటి లాంటిది, వెనక్కి తెచ్చుకోలేం. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ అమెజాన్ ఖాతాలోకి చొరబడిన దుండగుడు సమాచారాన్నీ బ్యాకప్‌లనూ కలిపి చెరిపేశాడు. ఆ సంస్థ మూతపడింది. బ్యాకప్ కూడా అదే ఖాతాలో ఉంటే అది బ్యాకప్ కాదని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ అక్కర్లేదు.

2017 ఫిబ్రవరి 28న సాక్షాత్తు ఎస్3 నిర్వాహకులే కొన్ని సర్వర్లను తప్పించే కమాండ్‌లో ఒక విలువను తప్పుగా ఇచ్చారు. అనుకున్న వాటికంటే ఎక్కువ సర్వర్లు ఆగిపోయాయి. ఉత్తర వర్జీనియా కేంద్రం మీద ఆధారపడిన సేవలు గంటల తరబడి నిలిచాయి. ఆ తర్వాత అమెజాన్ ఆ పనిముట్టునే మార్చింది. అది ఇప్పుడు నెమ్మదిగా తీస్తుంది, కనీస స్థాయి కంటే కిందికి పోనివ్వదు. 2024 మేలో ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్‌కు గూగుల్ దగ్గర ఉన్న ఒక ప్రైవేటు క్లౌడ్ మాయమైంది. గూగుల్ లోపలి పనిముట్టులో ఒక గడిని ఖాళీగా వదిలేయడమే కారణం. వేరే కంపెనీ దగ్గర ఉంచుకున్న ప్రతులు కూడా కోలుకోవడానికి తోడ్పడ్డాయి.

పగ్గాలు ఇలా ఒక్కొక్కటే పడ్డాయి. 2010లో ఎస్3కి వెర్షన్లు వచ్చాయి. ఆ సౌకర్యం పెట్టుకున్న బకెట్‌లో మామూలుగా చెరిపితే ఫైలు మీద ‘తొలగించబడింది’ అనే గుర్తు మాత్రమే పడుతుంది, గుర్తు తీసేస్తే ఫైలు తిరిగి కనిపిస్తుంది. 2018లో వచ్చిన ఆబ్జెక్ట్ లాక్‌ను కఠిన పద్ధతిలో పెడితే గడువు తీరేదాకా యజమాని కూడా చెరపలేడు. 2024లో గూగుల్, తన నిల్వ వాడేవారు చెరిపిన ఫైళ్లను మామూలుగా ఏడు రోజులు అట్టే ఉంచడం మొదలుపెట్టింది. వీటన్నిటికంటే చవకైన రక్షణ ‘డ్రై రన్’. ఏవేవి పోతాయో చూపిస్తుంది, ఏదీ తీయదు. రెండు చోట్ల ఉన్న ప్రతులను సమానం చేసే కమాండ్‌కు ‘డిలీట్’ జోడించేటప్పుడు ఇది తప్పనిసరి. మూలాన్నీ గమ్యాన్నీ తారుమారు చేస్తే ఖాళీ ఫోల్డరే అసలైనదైపోయి నిండు ఫోల్డరు తుడిచిపెట్టుకుపోతుంది.

తెలుగు పుస్తకాల సంగతి

గోదావరి డెల్టాకు ఈ విషయం దగ్గరగా తగిలేది పాత పుస్తకాల దగ్గర. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మిలియన్ బుక్ ప్రాజెక్టుకు నాయకత్వం వహించారు. దాని భారత శాఖగా 2003లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది. వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కొన్నేళ్లకు ఆ సైటు పాఠకులకు అందకుండా పోయింది. సమాచారం అందరికీ అందాలని పోరాడే కార్ల్ మాలముడ్ బృందం నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయానికి ఎక్కించి ఉండబట్టి, గోదావరి సీమ రచయితలు కందుకూరి వీరేశలింగం, చిలకమర్తి లక్ష్మీనరసింహం రచనలు ఈనాటికీ ఇంట్లో కూర్చుని చదవగలుగుతున్నాం. ఆ సేకరణలో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, చాలాసార్లు తప్పుల తడకగా ఉంటాయి. ఒకే పుస్తకం రెండు మూడు స్పెల్లింగులతో దొరుకుతుంది.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు ‘ఐఏ’ అనే కమాండ్ లైన్ పనిముట్టు ఉంది. తాము ఎక్కించిన ఫైళ్లను ఎక్కించినవారు దానితోనే తీసేయగలరు. తీసిన ఫైలు ప్రతి మామూలుగా ‘హిస్టరీ’ అనే ఫోల్డరులో మిగులుతుంది. ‘నో-బ్యాకప్’ అని జోడిస్తే మిగలదు. ‘కాస్కేడ్’ అంటే ఆ ఫైలుతో ముడిపడిన మిగతా రూపాలూ పోతాయి. ఇక్కడా డ్రై రన్ ఉంది.

నకళ్లు ఏరేయడం మంచి పనే, కానీ పేరు ఒకటైనంత మాత్రాన పుస్తకం ఒకటి కాదు. వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్రము’ను తర్వాతి కాలంలో తానే సవరించి పెంచారు. పాత ముద్రణను నకలుగా భావించి తీసేస్తే ఆయన ముందు ఏమనుకున్నారో తెలిసే ఆధారం పోతుంది. ఒక స్కానులో ఎగిరిపోయిన పుట మరో స్కానులో ఉండవచ్చు. గ్రంథాలయాల్లో కాగితం పొడిపొడి అవుతున్న కాలంలో ఆ రెండో స్కానే చివరి ప్రతి కావచ్చు.

తమ ఊరి రచయితల పుస్తకాలను ఎక్కిస్తున్న రాజమండ్రి, కాకినాడ, ఏలూరు యువకులు పుట పుటా పోల్చి చూసేదాకా రెండు ప్రతులనూ ఉంచాలి. చెరపక తప్పని చోట ముందు డ్రై రన్ నడిపి జాబితాను పూర్తిగా చదవండి. నో-బ్యాకప్ మాత్రం జోడించకండి.