నేతగాడు గీసిన త్రిభుజం

పాచిక వేస్తే ఒకటి నుంచి ఆరులోపే పడుతుంది. మూడున్నర పడదు. 1654లో పాస్కల్, ఫెర్మా ఉత్తరాల్లో చర్చించుకున్న జూదం లెక్కలన్నీ ఇలా ఏరి లెక్కపెట్టగలిగినవే. నక్షత్రాలను కొలిచేవాళ్ల బాధ వేరు. అదే నక్షత్రం, అదే పరికరం, అయినా ఆరుసార్లు చూస్తే ఆరు విలువలు వచ్చేవి. సగటు తీయడం వాడుకలో ఉంది కానీ, శ్రద్ధగా తీసుకున్న ఒక్క కొలత చాలని వాదించిన పెద్దలూ ఉన్నారు.

ఆ వాదం తప్పని లెక్క కట్టి చూపినవాడు థామస్ సింప్సన్. 1710లో ఇంగ్లండ్‌లోని మార్కెట్ బాస్‌వర్త్‌లో ఒక నేతపనివాడి ఇంట పుట్టాడు. తనూ మగ్గం నేశాడు. గణితం చాలావరకు సొంతంగానే నేర్చుకుని, 1743 నాటికి వూలిచ్ సైనిక అకాడమీలో పాఠాలు చెప్పే స్థాయికి ఎదిగాడు.

1755లో రాయల్ సొసైటీ అధ్యక్షుడికి రాసిన ఉత్తరంలో అతను చేసిన పని చిన్నదిగా కనిపిస్తుంది. నక్షత్రం అసలు స్థానం ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని పక్కన పెట్టి, కొలతలో దొర్లే తప్పునే పాచికలా చూశాడు. తప్పు అటు అయిదు కోణపు సెకన్లు, ఇటు అయిదు సెకన్లు దాటదనుకున్నాడు. సున్నా తప్పుకు 6 పాళ్లు, ఒక సెకనుకు 5, రెండుకు 4, అలా చివర అయిదు సెకన్లకు 1. రెండు వైపులా కలిపితే 36 పాళ్లు. ఒక్క కొలతలో తప్పు ఒక సెకను దాటకుండా ఉండే సంభావ్యత 36లో 16, అంటే సగం కూడా లేదు. ఆరు కొలతల సగటు తీస్తే అదే నూటికి సుమారు 72కు పెరుగుతుంది. ఇలా విడివిడి విలువలే తీసుకునే తప్పును మన ఇంటర్ పుస్తకం విచ్ఛిన్న యాదృచ్ఛిక చలరాశి అంటుంది.

అయితే తప్పు కచ్చితంగా సెకన్ల గీతల మీదే ఎందుకు ఆగాలి? రెండు సెకన్లు కావచ్చు, 2.3 కావచ్చు, 2.37 కావచ్చు. 1757లో సింప్సన్ ఆ గీతలను అంతులేకుండా దగ్గరికి జరిపాడు. పదకొండు మెట్లూ కరిగిపోయి నున్నటి త్రిభుజం మిగిలింది. ఇంతకుముందు సరిగ్గా రెండు సెకన్ల తప్పుకు 36లో 4 పాళ్లుండేవి. ఇప్పుడు దాని సంభావ్యత సున్నా. అడగాల్సిన ప్రశ్నే మారింది: తప్పు రెండుకూ మూడుకూ మధ్య పడే అవకాశమెంత? త్రిభుజంలో ఆ ముక్క వైశాల్యమే జవాబు, మొత్తంలో సరిగ్గా పదో వంతు. ఇలా మధ్యలో ఏ విలువైనా తీసుకోగల అవిచ్ఛిన్న చలరాశికి నిర్వచనం బట్టీ పట్టే పిల్లలకు ముందుగా ఈ త్రిభుజం గీసి చూపించాలని నా గట్టి నమ్మకం. ఒక్క బిందువుకు వెడల్పు లేదు కాబట్టి వైశాల్యమూ ఉండదని వాళ్లకే తోస్తుంది.

ఆకారం విషయంలో మాత్రం త్రిభుజం నిలవలేదు. 1809లో గౌస్ కొలతల్లోని తప్పులకు గంట ఆకారపు వక్రాన్ని ఎంచుకున్నాడు. నిజానికి ఆ వక్రం 1733లోనే లండన్‌లో గణితవేత్త డిమోయర్ చేతికి చిక్కింది. నాణెం 3600 సార్లు ఎగరేస్తే బొమ్మ 1770 నుంచి 1830 సార్లలోపు పడే సంభావ్యత దాదాపు 0.68 అని దానితోనే తేల్చాడు. కానీ అతనికి అది కొండంత కూడికను తగ్గించే ఉపాయం మాత్రమే. దాన్ని నక్షత్రాల కొలతల దాకా తీసుకెళ్లలేదు.